నీళ్ళెక్కడ దొరుకుతాయి?

ఫిబ్రవరి నుంచి ఒక ప్రయాణానికి ప్లాన్ వేస్తున్నాను. హైదరాబాదు నుంచి లదాఖ్‌లోని పాంగాంగ్ సరస్సు దాకా, కారులో. ఒకవైపే రెండు వేల ఏడు వందల కిలోమీటర్ల పైమాట. ఈ నాలుగు నెలల్లో కారుకి కొత్త టైర్లు వేయించాను, మూడు పుస్తకాలు చదివాను, ఒక సినిమాని పెన్నూ కాగితం పట్టుకుని మళ్ళీ చూశాను. కారు ఇంకా అపార్ట్‌మెంట్ సెల్లార్‌లోనే ఉంది. కాబట్టి ఇది యాత్రాకథనం కాదు. ప్రయాణాల గురించి మనం రాసుకునేవాటి మీదా, చూసుకునేవాటి మీదా నాకున్న ఒక పేచీ.

పేచీ ఏంటంటే, మన రోడ్ ట్రిప్ కథలన్నీ కారు స్టార్ట్ అయ్యాకే మొదలవుతాయి. అంతకుముందు జరిగేదంతా, అంటే లెక్కలు, భయాలు, ఎవరు వస్తారు, ఎవరు రాకూడదు, డబ్బెంత, దారిలో ఒంట్లో బాగోకపోతే ఏంటి అన్నవన్నీ, కత్తిరించి అవతల పారేస్తారు. సినిమాలో అయితే అర నిమిషం పాట. వీడియోల్లో అయితే బ్యాగులు డిక్కీలో పెట్టే ఒక షాట్, వెంటనే హైవే. కానీ నాకు ఈ నాలుగు నెలల్లో అర్థమైనంత వరకూ అసలు కథ ఆ పారేసిన ముక్కలోనే ఉంది.

ముందు సినిమా సంగతి. పాంగాంగ్ అనగానే నా వయసు వాళ్ళెవరికైనా 'త్రీ ఇడియట్స్' గుర్తొస్తుంది. 2009 డిసెంబర్లో వచ్చింది. నేను హాస్టల్లో ఒక లాప్‌టాప్ చుట్టూ తొమ్మిదిమందితో కూర్చుని చూశాను. ఆఖర్లో ఆ నీలం నీళ్ళు, పసుపు స్కూటరు, పెళ్ళిబట్టల్లో కరీనా. ఆ ఒక్క సీను తర్వాత ఆ ఒడ్డు ఎంత మారిందో వెళ్ళొచ్చినవాళ్ళు చెప్తారు. ఇప్పుడక్కడ పసుపు స్కూటర్లు పెట్టి ఫొటోలు తీయిస్తారట. 2022లో ఎవరో ఖరీదైన కారుని ఏకంగా సరస్సు నీళ్ళలోకి దించి నడిపిన వీడియో అందరం చూశాం.

సినిమా నచ్చలేదని కాదు. ఇప్పటికీ టీవీలో వస్తే ఛానల్ మార్చను. కానీ ఈసారి మ్యాపు పక్కన పెట్టుకుని చూస్తే ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనబడింది. మనాలిలో పెళ్ళిపీటల మీద నుంచి పియాని లేపుకుని బయల్దేరిన వాళ్ళు సరస్సు దగ్గర తేలతారు. మధ్యలో ఎవరికీ తలనొప్పి రాదు, వాంతి అవదు. మనాలి సుమారు రెండు వేల మీటర్ల ఎత్తులో ఉంటుంది, సరస్సు నాలుగు వేల రెండు వందల పైన. దారిలో ఐదు వేల మీటర్లు దాటే కనుమలు. మామూలు మనిషెవరైనా అంత గబగబా పైకెక్కితే రెండో రోజుకి మంచం దిగలేడు. సినిమాలో చూపించిన బడి నిజానికి లేహ్ పక్కన షే అనే ఊళ్ళో ఉంది. అక్కణ్ణుంచి సరస్సుకి రావాలంటే పదిహేడు వేల అడుగుల పైన ఉన్న చాంగ్ లా దాటాలి. సినిమా ఆ కొండని మింగేసి బడినీ సరస్సునీ ఇరుగుపొరుగు చేసేసింది.

సినిమా అన్నాక ఆ మాత్రం స్వేచ్ఛ ఉండదా అంటారు. ఉంటుంది. నాకు గుచ్చుకున్నది వేరే. ఆ సినిమాలో ప్రయాణం మొదలయ్యేది ఒక దొంగ గుండెపోటుతో. ఫర్హాన్ విమానంలో గుండె పట్టుకుని పడిపోయినట్టు నటిస్తాడు, విమానం వెనక్కి తిరుగుతుంది, హాలంతా నవ్వులు. హాస్టల్లో నేనూ పడీపడీ నవ్వాను. ఈ మార్చిలో చూసినప్పుడు ఆ సీను దగ్గర ఆపేసి, లేచి మంచినీళ్ళు తాగి వచ్చాను.

ఎందుకంటే మా నాన్నకి రెండేళ్ళ కింద స్టెంట్ వేశారు. ఈ ప్రయాణం నిజానికి నాన్నది.

నాన్న లారీ డ్రైవర్. విజయవాడ ఆటోనగర్ నుంచి ఢిల్లీ దాకా ఇరవై రెండేళ్ళు తిప్పాడు. వేసవి వస్తే నూజివీడు మామిడికాయలు ఆజాద్‌పూర్ మార్కెట్‌కి, మిగతా రోజుల్లో ఏ లోడు దొరికితే అది. ఢిల్లీ దాటి ఎప్పుడూ వెళ్ళలేదు. కానీ ధాబాల్లో పంజాబీ డ్రైవర్లు లేహ్ రోడ్డు గురించి చెప్పేవాళ్ళట. మంచుగోడల మధ్య నుంచి లారీ పోతుందనీ, వందల కిలోమీటర్లు చెట్టనేది కనబడదనీ, చివర్లో సముద్రమంత చెరువుంటుందనీ. చిన్నప్పుడు నాకు నిద్రపుచ్చే కథల్లో అదొకటి. ఉద్యోగం వచ్చి కారు కొన్నాక, "ఎక్కడికెళ్దాం నాన్నా?" అంటే తడుముకోకుండా అదే చెప్పాడు. ఈలోపు గుండె అడ్డం పడింది.

డాక్టరుగారు మా ప్లాన్ అంతా ఓపిగ్గా విని, మూడు వేల మీటర్ల లోపు ఉంచండమ్మా, ఆ పైన నేను సరే అనలేను అన్నారు. లేహ్ ఊరే మూడు వేల ఐదు వందలు. అక్కడ ప్రతి శ్వాసలో మనకి దొరికే ఆక్సిజన్, ఇక్కడ దొరికేదాంట్లో సుమారు మూడింట రెండొంతులు. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళే లేహ్ చేరాక రెండు రోజులు కదలకుండా పడుకోవాలి. ఈ లెక్కలన్నీ నేను ఎక్సెల్ షీట్లో పెట్టుకున్నాను. రోజు, ఎక్కణ్ణుంచి ఎక్కడికి, దూరం, పడుకునే చోటు ఎత్తు, పెట్రోలు బంకు, ఆసుపత్రి. మొదటి రోజు నాగపూర్, రెండో రోజు ఝాన్సీ, మూడో రోజు ఢిల్లీ దాటి పానిపట్, నాలుగో రోజు మండీ, ఐదో రోజు మనాలి. ఆ పైన జిస్పాలో ఒక రాత్రి, ఎందుకంటే అందరూ పడుకునే సర్చు నాలుగు వేల రెండు వందల పైన ఉంది, మొదటి రాత్రికి అది మరీ ఎక్కువ. శ్రీనగర్ మీదుగా వెళ్తే ఎత్తు కాస్త నెమ్మదిగా పెరుగుతుంది. ఆ దారికి వేరే షీటు. రంగులు వేశాను కూడా. ఆకుపచ్చ వేసినవి నాన్న రాగలిగిన చోట్లు, ఎరుపు వేసినవి రాకూడనివి.

ఆ షీటు ప్రింటు తీసి సంక్రాంతికి కాదుగానీ ఉగాదికి ఇంటికి తీసుకెళ్ళాను. నాన్న కళ్ళజోడు పెట్టుకుని పైనుంచి కిందికి ఒకసారి, కిందినుంచి పైకి ఒకసారి చూసి, "బానే ఉందమ్మా. నీళ్ళెక్కడ దొరుకుతాయో రాయలేదే?" అన్నాడు.

బాటిళ్ళు కొనుక్కుంటాం కదా నాన్నా అన్నాను. నా వంక చూసి ఏమీ అనలేదు. లోపలికెళ్ళి ట్రంకుపెట్టెలోంచి ఒక బౌండు పుస్తకం తెచ్చాడు.

ఈ వ్యాసంలో నేను మాట్లాడదలుచుకున్న మొదటి పుస్తకం అదే. అచ్చవలేదు, అవదు. అట్ట మీద ఏదో ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు స్టాంపు. లోపల లోడు, డీజిలు, బత్తా, చెక్‌పోస్టుల దగ్గర సమర్పించుకున్నవి, క్లీనర్‌కి ఇచ్చింది. ఇవి ఓనరుకి చూపించే లెక్కలు. పేజీ తిరగేస్తే వెనక వైపు పెన్సిల్‌తో వేరే రాతలున్నాయి. "నిర్మల్ దాటినాక ఘాటులో కుడి పక్క బోరింగు. నీళ్ళు తియ్యగ ఉంటయ్." "హింగన్‌ఘాట్. నిద్ర 2 గంటలు. ధాబావాడు మంచోడు, అప్పు పెడతడు." "లఖ్నాదౌన్ కాడ టైర్ల షాపు, రాత్రి గూడ లేస్తడు." "మొరేనా ధోల్‌పూర్ మధ్య రాత్రిపూట వొద్దు. నాలుగు బండ్లు కలిస్తేనే."

రెండు గంటలు కూర్చుని చదివాను. ఎక్కడా 'చూశాను' అన్న మాట లేదు. 'అందంగా ఉంది' లేదు. 'నేను' అన్న మాటే లేదు. వొద్దు, ఉండాలి, దొరుకుతయ్, ఇస్తడు. అన్నీ వెనకాల వచ్చే ఇంకో డ్రైవరుకి చెప్తున్నట్టే ఉన్నాయి. ఆగ్రా మీదుగా ఎన్ని వందలసార్లు వెళ్ళి ఉంటాడో. తాజ్‌మహల్ చూశావా నాన్నా అంటే, "మామిడికాయ లోడు పెట్టుకుని తాజ్‌మహలేంటమ్మా, సాయంత్రానికి రసం కారుద్ది" అన్నాడు. పుస్తకంలో ఆగ్రాకి ఎదురుగా ఒక్క ముక్కే ఉంది: ఎండ.

నాన్న పుస్తకం చదువుతుంటే ఇలాంటిదే ఎక్కడో చదివానే అనిపించింది. హైదరాబాదు తిరిగొచ్చాక అలమారలోంచి ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' తీశాను. ఎమ్మేలో ఉన్నప్పుడు మొదలుపెట్టి నలభై పేజీల్లో వదిలేసిన పుస్తకం. అప్పుడు విసుగొచ్చింది. ఫలానా మజిలీ, ఇన్ని ఇళ్ళు, బావి ఉంది, అంగళ్ళున్నాయి, దారి రాతినేల, ఇంకో మజిలీ. తెలుగులో తొలినాటి యాత్రాచరిత్రల్లో పెద్దపేరున్నది అని మాస్టారు అంటే, పేరుంటే ఉంది గానీ ఇందులో యాత్ర ఏదీ అనుకున్నాను.

ఇప్పుడు చదివితే ఒక్క పేజీ కూడా వదలబుద్ధి కాలేదు. వీరాస్వామయ్య మద్రాసు సుప్రీంకోర్టులో ఇంటర్‌ప్రెటరు. 1830 మే 18న మద్రాసులో బయల్దేరి, 1831 సెప్టెంబర్ 3న తిరిగొచ్చాడు. పదిహేను నెలల పైన. కుటుంబం, పరివారం అంతా కలిపి దాదాపు నూరుమంది. దారిపొడుగునా తన స్నేహితుడు కోమలేశ్వరపురం శ్రీనివాసపిళ్ళెకి రాసి పంపినవే ఈ పుస్తకం. వీరాస్వామయ్య పోయాక 1838లో ఆ పిళ్ళెగారే అచ్చు వేయించారు. మనకిప్పుడు దొరుకుతున్నది దిగవల్లి వేంకటశివరావు గారు 1941లో పరిష్కరించి తెచ్చిన ప్రతి చలవే.

ఆ నూరుమందిని దృష్టిలో పెట్టుకుని చదవండి, బావి ఉంది అన్న మాట ఎంత బరువైనదో తెలుస్తుంది. సాయంత్రానికి నూరుమందికి నీళ్ళు, బియ్యం, పడుకోవడానికి నీడ. ఊళ్ళో అంగడి ఉందా లేదా అన్నది ఆయనకి వర్ణన కాదు. లేకపోతే ఆ రాత్రి పిల్లలు పస్తుంటారు. పైగా ఇదంతా తన కోసమే రాసుకున్నట్టు ఉండదు. నా తర్వాత ఈ దారిన వచ్చేవాళ్ళకి పనికొస్తుంది అన్న ఎరుక ప్రతి మజిలీలోనూ ఉంటుంది. దాదాపు రెండు వందల ఏళ్ళ కింద, మాట్లాడే భాషకి దగ్గరగా ఉన్న తెలుగులో, ఆయన రాసింది నా ఎక్సెల్ షీటే. కాకపోతే నా షీటులో మనుషుల్లేరు, ఆయన షీటు నిండా మనుషులే. ఏ ఊళ్ళో ఎవరి పెత్తనం, పన్నులెలా వసూలు చేస్తున్నారు, ఏ కులంవాళ్ళు ఏం తింటారు, ఏ భాష ఎక్కడ ఆగి ఇంకోటి ఎక్కడ మొదలవుతుంది, అన్నీ పట్టించుకున్నాడు. నాన్న పుస్తకానికీ దీనికీ తేడా అక్కడుంది. నాన్న కూడా ఇవన్నీ చూశాడు, అడిగితే గంటలు గంటలు చెప్తాడు. కానీ రాయాల్సినవి అనుకోలేదు. రాసే తీరిక కోర్టు ఇంటర్‌ప్రెటరుకి ఉంది, లారీ డ్రైవరుకి లేదు.

ఇంకో విచిత్రం. వీరాస్వామయ్య హైదరాబాదు నుంచి నాగపూర్, జబల్పూర్, మీర్జాపూర్ మీదుగా ఉత్తరానికి వెళ్ళాడు. మొన్నమొన్నటి దాకా ఏడో నంబరు జాతీయ రహదారి అని పిలిచిన రోడ్డు, ఉజ్జాయింపుగా అదే దారి పట్టుకుని కాశీ చేరేది. నంబర్లు మార్చాక నాగపూర్ మీదుగా పోయే ఆ ముక్క నలభై నాలుగులో కలిసింది. నాన్న లారీ పోయింది దాని మీదే, నా షీటులో మొదటి రెండు రోజులూ దాని మీదే. లఖ్నాదౌన్ దగ్గర కాశీ దారి కుడికి పోతుంది, ఢిల్లీ దారి ఎడమకి. అంటే నాన్నా, నేనూ, వీరాస్వామయ్యా సుమారు ఏడు వందల కిలోమీటర్లు ఒకే దారిన పోతాం. ఈ సంగతి నాన్నకి చెప్తే, "ఆయన పల్లకీ మోసిన బోయీలు ఏమన్నా రాశారా?" అని అడిగాడు. లేదు నాన్నా అన్నాను. "మరి దారి గురించి వాళ్ళకే కదా తెలిసేది," అన్నాడు. కాశీయాత్ర చరిత్ర మీద నేను చదివిన ఏ పరిశోధనా వ్యాసంలోనూ ఈ ప్రశ్న ఇంత సూటిగా ఎదురవలేదు.

రెండో వైపు నుంచి నన్ను లాగింది రాహుల్ సాంకృత్యాయన్ 'లోకసంచారి'. తిరగాలనుకునే తెలుగు పిల్లలకి తరాలుగా ఎవరో ఒకరు చేతిలో పెడుతూ వచ్చిన పుస్తకం. లదాఖ్, టిబెట్ కాలినడకన తిరిగిన మనిషి, ఆ అధికారంతో మాట్లాడతాడు. చదువుతుంటే ఇప్పటికీ ఒళ్ళు ఝల్లుమంటుంది. బయల్దేరాలనుకున్నవాడు అమ్మ కన్నీళ్ళకీ నాన్న భయానికీ ఆగకూడదంటాడు. డబ్బు మూట కట్టుకోవడం కన్నా చేతిలో ఒక పని నేర్చుకుని వెళ్ళడం మేలంటాడు. ఆడవాళ్ళ తిరుగుడు గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే రాశాడు. ఆ కాలానికి అది చాలా పెద్ద సంగతి. పదిహేడేళ్ళప్పుడు నేను ఈ పుస్తకాన్ని దిండు కింద పెట్టుకుని పడుకున్నాను.

ఇప్పుడు మాత్రం ఒక చోట ఆగిపోయాను. రాహుల్ లెక్క ప్రకారం నాన్న నాకు బంధనం. వదిలించుకుని పోవాలి. కానీ ఈ కోరిక నాకు ఇచ్చిందే ఆయన. వదిలించుకుని వెళ్తే నేను వెళ్ళేదెక్కడికి? లోకసంచారి ఒంటరిగా, వయసులో, ఆరోగ్యంగా ఉన్న మనిషి కోసం రాసిన శాస్త్రం. మోకాళ్ళు నొప్పిగా ఉన్నవాళ్ళకి, మందుల డబ్బా ఉన్నవాళ్ళకి, ఒకరిని వెంటబెట్టుకుని వెళ్ళాల్సినవాళ్ళకి అందులో పేజీ లేదు. ఎం. ఆదినారాయణ గారి 'భ్రమణకాంక్ష' కొంత దగ్గరగా అనిపించింది. ఆయనదీ కాలినడకే, చేతిలో ప్లాన్ కూడా పెద్దగా ఉండదు. కానీ ప్రతి సాయంత్రం ఎవరో ఒకరి అరుగు మీద, ఎవరో పెట్టిన ముద్ద మీద ఆధారపడుతున్నానన్న స్పృహ ఆయనలో ఎప్పుడూ ఉంటుంది. ఏమైనా పుస్తకాల పోటీలో రాహుల్ కన్నా వీరాస్వామయ్యకే నా ఓటు. ఇంటిల్లిపాదినీ ఎత్తుకుని బయల్దేరాడు, అందుకే బావులు లెక్కపెట్టుకున్నాడు.

ఇంతమందిలో ఎవరి పుస్తకంలోనూ లేని కాలమ్ ఒకటి నా షీటులో ఉంది. వీరాస్వామయ్య రాయలేదు, రాహుల్ ఆడవాళ్ళ అధ్యాయంలోనూ తట్టలేదు, నాన్న పెన్సిల్ రాతల్లో సరేసరి. ఆడవాళ్ళు వెళ్ళగలిగిన బాత్‌రూమ్ ఎక్కడుంది అన్న కాలమ్. నాతో వచ్చేది నా స్నేహితురాలు, ఇద్దరమే డ్రైవింగ్. చెట్టు కూడా లేని మోరే మైదానాల్లో ఆ కాలమ్ నిండా ప్రశ్నార్థకాలే. వీడియోల్లో ఆడపిల్లలు కూడా ఈ మాట ఎత్తరు. ఎత్తితే నీలం నీళ్ళ షాట్ పాడవుతుందనేమో.

మనాలి నుంచి లేహ్ పోయే దారిలో గాటా లూప్స్ అని ఇరవై ఒక్క మలుపులున్నాయి. అక్కడొక చోట రోడ్డు పక్కన నీళ్ళ బాటిళ్ళు గుట్టగా పడి ఉంటాయి. వీడియోల్లో చాలామంది దాన్ని దెయ్యం కథగా చెప్తారు. ఎప్పుడో ఒక లారీ అక్కడ ఆగిపోయిందట. డ్రైవరు సాయం కోసం నడుచుకుంటూ వెళ్ళాడు. జబ్బుపడ్డ క్లీనర్ కుర్రాడు బండిలోనే ఉండిపోయాడు. మంచు పడి దారి మూసుకుపోయింది. డ్రైవరు తిరిగొచ్చేసరికి పిల్లాడు చలికీ దాహానికీ పోయాడు. ఆ తర్వాత ఆ మలుపులో ఎవరో నీళ్ళడుగుతూ కనబడతాడనీ, అందుకే వచ్చేపోయేవాళ్ళు ఒక బాటిల్ పెట్టిపోతారనీ కథ. నిజమెంతో చెప్పలేను. వీడియోల్లో దీనికి వేసే భయపెట్టే మ్యూజిక్ మాత్రం నాకు నచ్చదు. ఇది నాన్నకి చెప్తే భయపడలేదు, ఆశ్చర్యపోలేదు. "క్లీనర్లంతా పదిహేను పదహారేళ్ళ పిల్లలే అప్పుడు," అన్నాడు. కాసేపాగి, "నీళ్ళెక్కడ దొరుకుతాయో రాయమంది అందుకే," అన్నాడు.

ఆ దారిలో ఇంకో పేరు కూడా ఉంది. లేహ్ నుంచి పాంగాంగ్ వెళ్ళేటప్పుడు చాంగ్ లా దిగాక దుర్బుక్ వస్తుంది. అక్కడ దారి రెండుగా చీలుతుంది. ఒకటి టాంగ్సే మీదుగా సరస్సుకి. రెండోది ష్యోక్ నది వెంట ఉత్తరానికి, గల్వాన్ వైపు. 2020 జూన్ 15న గల్వాన్‌లో చనిపోయిన కల్నల్ సంతోష్‌బాబుది సూర్యాపేట. మా ఊరి నుంచి హైదరాబాదు వచ్చే ప్రతిసారీ బస్సు దాటే సూర్యాపేట. అక్కడ ఆయన విగ్రహం పెట్టారు. షీటులో దుర్బుక్ అన్న వరుస చూపించి ఇది ఆ దారే అంటే నాన్న ఆ పేరు మీద వేలు పెట్టి కాసేపు అలాగే ఉంచాడు. సరస్సులో మూడింట ఒక వంతే మనవైపు ఉంది, మిగతాది చైనా చేతిలో. పాటలో కెమెరా ఎటు తిప్పినా ఈ సంగతి కనబడదు. ఇలాంటి చోటికి ఫొటో కోసం వెళ్తున్నామంటే కొంచెం సిగ్గేస్తుంది కూడా. మానేయడానికి సరిపడా సిగ్గు కాదు.

'ఎవడే సుబ్రమణ్యం' గురించి కూడా ఒక మాట చెప్పాలి, లేకపోతే ఎవరో ఒకరు అడుగుతారు. తెలుగులో దూరపు హిమాలయాల నీళ్ళ దాకా వెళ్ళే ప్రయాణం అంటే అదే కదా. దూద్‌కాశీకి వెళ్దామని చిన్నప్పటి నుంచి అనుకుంటూ వాయిదా వేసుకున్న ఇద్దరు స్నేహితులు, చివరికి ఒకడి అస్థికలు పట్టుకుని రెండోవాడు వెళ్తాడు. ఆ సినిమాలో వాయిదాకి బరువుంది, అది నాకిష్టం. కానీ చనిపోయిన స్నేహితుణ్ణి మోసుకెళ్ళడం కథకి సుఖం. చనిపోయినవాడికి మాత్రలు గుర్తుచేయక్కర్లేదు, మెట్లెక్కేటప్పుడు ఆగక్కర్లేదు, నీకు వద్దు అని చెప్పి అతని మొహం చూడక్కర్లేదు. బతికున్న మనిషిని సగం దారి దాకా మాత్రమే తీసుకెళ్ళే ప్రయాణం మీద నాకు సినిమా దొరకలేదు, నవలా దొరకలేదు.

మొత్తానికి మా ఇంట్లో కుదిరిన ఒప్పందం ఇది. నాన్న మనాలి దాకా వస్తాడు. అక్కణ్ణుంచి అటల్ టన్నెల్ దాటి టాండీ దాకా కూడా వస్తానంటాడు. 2020 అక్టోబర్లో ఆ సొరంగం తెరవకముందు అయితే నాలుగు వేల మీటర్ల రోహ్‌తాంగ్ ఎక్కి దిగాల్సి వచ్చేది, మాటే లేదు. ఇప్పుడు తొమ్మిది కిలోమీటర్ల సొరంగం. కానీ సొరంగం కూడా మూడు వేల వంద మీటర్ల దగ్గరుంది. డాక్టరుగారు చెప్పిన గీతకి వంద మీటర్లు పైన. "వంద మీటర్లకి చచ్చిపోతానా?" అని నాన్న. ఫోన్లో డాక్టరుగారిని అడిగితే, ఆగకుండా దాటేసి కిందికి దిగిపోతే ఫర్వాలేదుగానీ ముందు ఒకసారి చూపించి వెళ్ళండన్నారు. అమ్మ ఇంకా మాట్లాడ్డం లేదు మా ఇద్దరితో.

టాండీయే ఎందుకంటే, అక్కడొక పెట్రోలు బంకుంది. దాని పక్కన ఒక బోర్డు, ఈ దారిన పోయినవాళ్ళంతా ఫొటో తీసుకునే బోర్డు. తర్వాతి బంకు 365 కిలోమీటర్ల దూరంలో అని రాసి ఉంటుంది. పంజాబీ డ్రైవర్లు ధాబాలో చెప్పిన కథల్లో ఆ బంకు కూడా ఉండేదట. "అది చూస్తే చాలు నాకు. చెరువుదేముంది, ఉప్పునీళ్ళే కదా," అన్నాడు నాన్న. పాంగాంగ్ నీళ్ళు ఉప్పనని ఆయనకి నేను చెప్పలేదు. ఎక్కణ్ణుంచి తెలుసుకున్నాడో.

టాండీ నుంచి మనాలికి ఆయన్ని దింపడానికి ఒక టాక్సీ మాట్లాడాలి. మనాలిలో మేం తిరిగొచ్చేదాకా తొమ్మిది రోజులు ఉండటానికి గది చూడాలి. వేరే రాష్ట్రాల ప్రీపెయిడ్ సిమ్ములు లదాఖ్‌లో పనిచేయవు కాబట్టి నాది పోస్ట్‌పెయిడ్‌కి మార్చాలి, లేకపోతే రాత్రుళ్ళు ఆయనకి ఫోన్ చేయలేను. ఇవన్నీ షీటులో కొత్త వరుసలు.

పోయిన వారం ఆ షీటు పోస్టులో తిరిగొచ్చింది. నాన్న వాట్సాప్‌లో ఫొటో తీసి పంపడు, కవర్లో పెట్టి పోస్టు చేస్తాడు. చివర్లో పెన్సిల్‌తో కొత్త కాలమ్ గీసి ఉంది. నాగపూర్ నుంచి ఢిల్లీ దాకా తనకి తెలిసిన బోరింగులు, ధాబాలు రాశాడు, సగం ఇప్పటికి ఉండకపోవచ్చు. ఆ పైవి ఎవరో పాత స్నేహితుడికి లుధియానా ఫోన్ చేసి కనుక్కున్నాడట. టాండీ: బంకులో క్యాన్లు నింపుకోవాలి, పెట్రోలూ నీళ్ళూ వేర్వేరు క్యాన్లు. సర్చు: గుడారాల దగ్గర, కాచి తాగాలి. గాటా మలుపులు: మనవి ఒక రెండు బాటిళ్ళు పెట్టి పోవాలి. పాంగ్: ధాబాలు. సరస్సు అని ఉన్న వరుసలో: తాగడానికి పనికిరావు.

షీటు పైన, డ్రైవరు అని ఉన్న చోట నా పేరూ స్నేహితురాలి పేరూ ముందే టైపు చేసి పెట్టాను. దాని కింద ఆయన క్లీనర్ అని రాసి గీత గీసి ఖాళీ వదిలాడు. సాయంత్రం ఫోన్ చేసి, అదేంటి నాన్నా అని అడిగితే, "ఇద్దరూ డ్రైవర్లైతే, నిద్రొచ్చినప్పుడు లేపేదెవరమ్మా?" అన్నాడు.